హ్యాండిల్ కింది గోళీలు

రాయచోటి వైపు ఒక పల్లె నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. ఆమె మాటల్లోనే కొంత భాగం ఇక్కడ ఇస్తున్నాను.

"అన్నగారూ, మా అబ్బాయికి 13 ఏళ్ళు. హైస్కూలు మా ఊరికి 4 కిలోమీటర్లు. నెల క్రితం చీకట్లో రాయికి గుద్దుకొని సైకిల్ ముందు ఫోర్కు వంగిపోయింది. మా ఊళ్ళో సైకిల్ షాపు మూతబడి రెండేళ్ళయింది. ఆ పెద్దాయన కొడుకులు ఇప్పుడు మోటారు సైకిళ్ళు మాత్రమే చూస్తారు. మా తమ్ముడు పట్నం నుంచి కొత్త ఫోర్కు, దానితోపాటు చిన్న సంచిలో ఏవో రింగులు, గోళీలు తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. మావారు కువైట్‌లో ఉంటారు. ఫోనులో ఆయన ఒకటి చెబితే సంచిలో నాకు మరొకటి కనిపిస్తోంది. ఇది నాలాంటిది ఇంట్లో కూర్చొని చేయగలిగిన పనేనా? కాకపోతే కాదనే చెప్పండి. పిల్లవాడు రోజూ నడిచి వెళ్తున్నాడు."

సోదరీ, ఇది మీరు చేయగలిగిన పనే. ఇందులో బలం కన్నా వరుస ముఖ్యం, వరుస కన్నా చేతికి తెలిసే స్పర్శ ముఖ్యం. వంటింట్లో పిండి జారుడును వేళ్ళతో పట్టి చెప్పగలిగినవారికి ఆ స్పర్శ కొత్త కాదు. అయితే ఒకటి రెండు చోట్ల "ఇక్కడ ఆగి షాపుకు తీసుకెళ్ళండి" అని కూడా చెప్పవలసి ఉంటుంది. ఆ చోట్లు వచ్చినప్పుడు స్పష్టంగా చెబుతాను. దయచేసి వాటిని దాటి ముందుకు వెళ్ళకండి.

అసలు పనికి ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. దానివల్లనే ఈ విషయంలో ఇంత వివరంగా రాయాలనిపించింది.

మా పెద్దవాడికి 11 ఏళ్ళప్పుడు వాడి సైకిల్ బ్రేకు వేసినప్పుడల్లా ముందు భాగంలో టక్ టక్‌మని చప్పుడు వచ్చేది. హ్యాండిల్ కింద పెద్ద నట్టు వదులైందని నాకు అర్థమైంది. పెద్ద పానా తెచ్చి, చప్పుడు పోయేదాకా బిగించి, ఇంకా రెండు పట్లు అదనంగా బిగించాను. బిగువుగా ఉంటే భద్రంగా ఉంటుందని నా నమ్మకం. మర్నాడు సాయంత్రం వీధి మలుపులో వాడు పడిపోయాడు. మణికట్టు విరిగింది. అయిదు వారాలు పట్టీ. ఆసుపత్రిలో వాడన్న మాట ఒక్కటే: "అబ్బా, నేను తిప్పినట్టు హ్యాండిల్ తిరగలేదు." మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని అప్పట్లో అనిపించింది.

రెండు చక్రాల బండి నిలబడేది రౌతు క్షణక్షణం చేసే అతి చిన్న తిప్పుళ్ళ వల్ల. బండి ఎడమకు ఒరగబోతే మనకు తెలియకుండానే హ్యాండిల్ వెంట్రుకవాసి ఎడమకు తిరుగుతుంది, బండి నిలదొక్కుకుంటుంది. ఆ కీలు బిగుసుకుపోతే ఈ చిన్న తిప్పుళ్ళు జరగవు. బండి తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది. కీలు వదులైతే బ్రేకు వేసినప్పుడల్లా ఫోర్కు ముందుకూ వెనక్కూ కొట్టుకొని లోపలి భాగాలను తినేస్తుంది. వదులును చెవి పట్టేస్తుంది. బిగువు మాత్రం నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకే దాన్ని నేను భద్రత అనుకున్నాను.

ఇక మీ సంచి దగ్గరకు వద్దాం. అందులో ఉన్నవాటిని కలిపి హెడ్‌సెట్ అంటారు. ఫోర్కును మన పెద్దవాళ్ళు చిమ్టా అనేవారు, గోళీలను ఛర్రాలు అనేవారు. మీవారు ఫోనులో ఆ పేర్లే చెబుతూ ఉండవచ్చు, కంగారు పడకండి. ఫోర్కుకు రెండు కాళ్ళు, వాటిపైన ఒక నిలువు గొట్టం ఉంటాయి. ఆ గొట్టం సైకిల్ ఫ్రేము ముందు భాగంలోని పొట్టి గొట్టంలో నుంచి పైకి వస్తుంది. ఈ రెండు గొట్టాలూ ఒకదానికొకటి రాసుకోకుండా కింద ఒక వరుస, పైన ఒక వరుస గోళీలు పెడతారు. ఆ గోళీలు దొర్లడానికి కావలసిన దారులే మీ సంచిలోని రింగులు.

కింద నుంచి పైకి వరుస ఇది. ఫోర్కు కాళ్ళు కలిసే భుజం మీద గట్టిగా కూర్చునే రింగు మొదటిది, దాన్ని క్రౌన్ రేసు అంటారు. దానిమీద గోళీలు. వాటిమీద ఫ్రేము గొట్టం అడుగున దిగి ఉండే గిన్నె. గొట్టం పై అంచున మరో గిన్నె, అందులో పై వరుస గోళీలు. వాటిమీదకు మరలతో తిరుగుతూ దిగే రింగు. దానిమీద లోపలి అంచున చిన్న పన్ను ఉన్న వాషరు. అన్నిటికీ పైన లాక్ నట్టు. పై జతలో ఏది గుంటగా ఉంటుంది, ఏది ఉబ్బెత్తుగా ఉంటుంది అన్నది సెట్టును బట్టి మారుతుంది. కాబట్టి పాతదాన్ని విప్పేటప్పుడు ప్రతి మెట్టులోనూ ఫోనుతో ఒక ఫొటో తీయండి. కువైట్‌లో ఉన్నవారికి పంపడానికీ పనికొస్తుంది, తిరిగి బిగించేటప్పుడు మీకూ పనికొస్తుంది.

విప్పకముందే చూడవలసినది ఒకటుంది. ఇదే మొదటి ఆగే చోటు. ఫోర్కు వంగేంత దెబ్బ తగిలిందంటే ఆ దెబ్బ ఫ్రేముకు కూడా తగిలి ఉండవచ్చు. ముందు గొట్టానికి రెండు పొడవాటి గొట్టాలు అతికి ఉంటాయి కదా, ఆ అతుకుల వెనక, ముఖ్యంగా కింది గొట్టం అడుగుభాగాన, వేలు పెట్టి తడమండి. పగటి వెలుతురులో చూడండి. రంగు పొలుసులుగా లేచినా, వేలికి చిన్న ముడత తగిలినా, సన్నని గీత కనిపించినా పని అక్కడితో ఆపండి. అలాంటి ఫ్రేముకు ఎంత మంచి ఫోర్కు వేసినా ప్రయోజనం లేదు. ఒక రోజు ఆ అతుకు దగ్గరే విరిగిపోతుంది. వంగిన ఫోర్కును కొట్టి సరిచేసి వాడుకుందామన్న ఆలోచన కూడా వద్దు. మీరు కొత్తది తెప్పించడం సరైన పని.

ఫ్రేము బాగుంటే, పాత ఫోర్కునూ కొత్త ఫోర్కునూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. అందుకు పాతదాన్ని ముందు బయటికి తీయాలి. కింద ఒక పాత దుప్పటి పరవండి, దానిమీద అంచులున్న పళ్ళెం పెట్టండి. గోళీలు దొర్లిపోతే గదంతా వెతకవలసి వస్తుంది. చక్రం తీసేయండి, బ్రేకు తీగను వదులు చేయండి. హ్యాండిల్ కాడ నడినెత్తిన ఉన్న బోల్టును మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దానిమీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. లోపల బిగుసుకున్న పచ్చర జారుతుంది, హ్యాండిల్ పైకి వచ్చేస్తుంది. బోల్టును పూర్తిగా ఊడదీసి కొట్టకండి, పచ్చర లోపలే ఉండిపోతుంది.

తర్వాత లాక్ నట్టు, వాషరు, పై రింగు వరుసగా విప్పండి. ఒక చేత్తో ఫోర్కును కింద నుంచి పట్టుకొనే ఉండండి. అది జారగానే కింది వరుస గోళీలు రాలతాయి. పై వరుసలో ఎన్ని, కింది వరుసలో ఎన్ని అని లెక్కపెట్టి కాగితంమీద రాసుకోండి. కొన్ని సైకిళ్ళలో గోళీలు విడివిడిగా కాక ఒక రేకు వలయంలో గుచ్చినట్లు ఉంటాయి. అలాంటప్పుడు ఆ వలయం ఏ వైపు పైకి ఉందో తప్పక ఫొటో తీయండి.

ఇప్పుడు పోలిక. మన దేశంలో సాధారణ సైకిళ్ళ ఫోర్కు గొట్టం వెలుపలి వ్యాసం ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. కానీ ఒక అంగుళమన్న పేరు చూసి మోసపోకూడదు. పాత ఇంగ్లీషు పద్ధతి ఫోర్కులకు అంగుళానికి 26 మరలు ఉంటాయి, తర్వాత వచ్చిన పద్ధతిలో 24. ఒకదాని నట్టు మరొకదానికి రెండు చుట్లు ఎక్కి, ఆపైన బిగుసుకుంటుంది. బలంగా తిప్పితే ఇంకొంత ఎక్కుతుంది కూడా, కానీ మరలు తెగిపోతాయి. నట్టు వేళ్ళతోనే చివరిదాకా తిరగాలి. తిరగకపోతే అది మీ ఫోర్కు నట్టు కాదు. అలాగే క్రౌన్ రేసు కూర్చునే భుజం కొన్నిటికి 26.4 మి.మీ., కొన్నిటికి 27 మి.మీ. అర మిల్లీమీటరు పైచిలుకు తేడా కంటికి ఆనదు. కొలిచే కాలిపర్ ఉంటే మంచిది. లేకపోతే చేతి పరీక్ష ఉంది. సరైన రేసు చేత్తో ఒత్తితే దిగదు, భుజం అంచున ఆగిపోతుంది. ఎందుకంటే రేసు లోపలి వ్యాసాన్ని భుజం కన్నా మిల్లీమీటరులో పదో వంతు, ఒక్కోసారి ఇంకొంచెం, తక్కువగా చేస్తారు. అది దెబ్బతోనే దిగాలి. చేత్తో జారి దిగిందంటే పెద్దది. అంచున కూడా కూర్చోనని మొరాయిస్తే చిన్నది. ఆకురాయితో భుజాన్ని అరగదీసి ఎక్కించినవాళ్ళను చూశాను. ఆ రేసు ఎప్పుడూ ఒక పక్కకు వాలే ఉంటుంది. కొలత తప్పితే పాత ఫోర్కునూ పాత రేసునూ వెంట తీసుకెళ్ళి మార్చుకోవడమే మార్గం. ఇది రెండో ఆగే చోటు.

గొట్టం పొడవు కూడా చూడాలి. కొత్తది పాతదానికన్నా కాస్త పొడవైతే ఫరవాలేదు. లాక్ నట్టు కింద అదనపు వాషర్లు వేసుకోవచ్చు. వేయకపోతే నట్టు లోపలి అంచు గొట్టం కొసకు తగిలి ఆగిపోతుంది. బిగిసిందని మనం అనుకుంటాం కానీ కింది రింగును అది అసలు పట్టుకోదు. కొత్తది పొట్టిదై నట్టుకు నిండా మరలు దొరకకపోతే దాన్ని వాడకండి.

ఫ్రేములోని రెండు గిన్నెలను కిరోసిన్ గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. నున్నగా మెరుస్తుంటే వాటిని కదిలించకండి. గోళీలు ఆనిన చోట వరుసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తే ఆ సైకిల్ హ్యాండిల్ సూటిగా ఉన్నచోట పట్టినట్టు ఆగుతుంది. ఈ గుంటలు గతుకుల దారిలో తగిలే సుత్తిదెబ్బలవల్ల పడతాయని మనవాళ్ళు అంటారు. 1981లో సైకిల్ చక్రం మీద పేరుపొందిన పుస్తకం రాసిన అమెరికా ఇంజనీరు జోబ్‌స్ట్ బ్రాంట్ దీన్ని ఒప్పుకోలేదు. సైకిల్ ఎక్కువసేపు సూటిగానే పోతుంది కాబట్టి గోళీలు ఒకేచోట ఉండి సన్నగా వణుకుతూ ఉంటాయి. ఆ వణుకుకు మధ్యనున్న గ్రీజు పక్కకు తప్పుకొని లోహం లోహాన్ని కొరుకుతుందని ఆయన వివరించారు. నాకు ఈ మాటే సమంజసంగా తోస్తుంది, ఎందుకంటే గ్రీజు ఎండిపోయిన సైకిళ్ళలోనే ఈ జబ్బు ఎక్కువగా చూశాను.

గిన్నెలు మార్చవలసి వస్తే పాతవాటిని లోపలి నుంచి ఇనుప కడ్డీతో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క తడుతూ బయటికి తేవచ్చు. కొత్తవి ఎక్కించడమే జాగ్రత్త పని. సుత్తితో నేరుగా కొడితే గిన్నె వంకరగా దిగి గొట్టం నోటిని సాగదీస్తుంది. దానికి బదులు హార్డ్‌వేర్ షాపులో పొడుగునా మరలున్న కడ్డీ ఒకటి, దానికి రెండు నట్లు, గిన్నె మొత్తాన్ని కప్పే పెద్ద మందపాటి వాషర్లు దొరుకుతాయి. కడ్డీని గొట్టంలో దూర్చి, ఒక కొసన గిన్నె, రెండో కొసన ఉత్త వాషరు ఉంచి, నట్టును నెమ్మదిగా బిగిస్తే గిన్నె తిన్నగా లోనికి నడుస్తుంది. ఒకసారికి ఒక గిన్నె మాత్రమే. ముందుగా అంచుకు కొద్దిగా గ్రీజు రాయండి. వంకరపోతున్నట్లు అనిపిస్తే వెంటనే వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టండి. గిన్నె చేత్తోనే దిగిపోతే గొట్టం నోరు సాగిందన్నమాట. అది షాపు పని. మీ సైకిల్‌కు ఈ బాధ రాకపోవచ్చు, మీ ఉత్తరాన్ని బట్టి గిన్నెలు బాగానే ఉన్నట్లున్నాయి.

మీకు తప్పనిసరిగా ఎదురయ్యేది క్రౌన్ రేసు. ఈ ఒక్క పనికి ఇంకొకరు తోడుండాలి. మీ అబ్బాయి చాలు. కొత్త ఫోర్కు గొట్టం మీదుగా సులువుగా జారే ఇనుప పైపుముక్క సంపాదించండి. పాత నీళ్ళ పైపు ముక్కలు ఏ ప్లంబరు దగ్గరైనా ఉంటాయి. పైపు ఫోర్కు గొట్టం కన్నా పొడవుగా ఉండాలి. దాని అడుగు అంచు తిన్నగా కోసి ఉండాలి, వంకర కోతైతే రేసు వంకరగానే దిగుతుంది. రేసును సరైన వైపు పైకి పెట్టండి, గోళీలు దొర్లే నున్నని దారి పైకి కనిపించాలి. ఇక్కడ ఒక చిన్న ఉపాయం. పైపు అంచు నేరుగా ఆ నున్నని దారిమీద పడితే గాటు పడుతుంది. అందుకని పాత ఫోర్కు నుంచి ఊడదీసిన పాత రేసును తిరగేసి కొత్తదానిమీద బోర్లించి, దానిమీద పైపు పెట్టండి. దెబ్బలు పాతది తింటుంది.

పాత రేసును ఊడదీయడానికి దాని అంచు కింద ఉలి లేదా మొద్దుబారిన స్క్రూడ్రైవరు పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా తట్టాలి. ఒకే పక్క కొడితే రాదు.

ఫోర్కు కాళ్ళ కొసలను బండనేలకు ఆనించి కొట్టకండి, చక్రం పట్టే ఆ కొసలు చదునైపోతాయి. అబ్బాయిని రెండు చేతులతో ఫోర్కు భుజం కింద గట్టిగా పట్టుకోమనండి. మీరు పైపు తలమీద సుత్తితో మితంగా కొట్టండి. మధ్యలో పైపును కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండండి. మొదట దెబ్బ చప్పుడు బొంగురుగా ఉంటుంది. రేసు అడుగుకు చేరగానే చప్పుడు మారి ఖణేలుమంటుంది. ఆ మార్పు వినబడగానే ఆపేయండి. తర్వాత రేసుకూ భుజానికీ మధ్య చుట్టూతా పలుచని కాగితం దూర్చి చూడండి. ఎక్కడా దూరకూడదు. ఒక పక్క దూరితే ఆ పక్క ఇంకా దిగలేదన్నమాట.

మిగిలినదంతా ఓపికతో కూర్చొని చేసే పని. గోళీలు కొత్తవే వేయండి, పాతవి బాగున్నట్లే కనిపించినా వేయకండి. వాటి ధర పెద్దది కాదు. సాధారణంగా ఇవి 5/32 అంగుళం, అంటే దాదాపు 4 మి.మీ. కొన్ని సైకిళ్ళకు 3/16 అంగుళంవి ఉంటాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ రెండు వేళ్ళమధ్య పక్కపక్కనే దొర్లిస్తే తేడా తెలిసిపోతుంది. గిన్నెలో గ్రీజు దట్టంగా పూయండి. పొదుపు అక్కర్లేదు. గ్రీజులో గోళీలను ఒక్కొక్కటిగా అద్దుతూ వలయం నింపండి. పూర్తిగా నిండాక ఒక్కటి తీసేయండి. ఆ కాస్త ఖాళీ లేకపోతే అవి ఒకదాన్నొకటి ఒత్తుకొని దొర్లవు. మీరు కాగితంమీద రాసుకున్న లెక్కతో సరిచూసుకోండి. పాత మెకానిక్ గోళీలు తక్కువ వేసి ఉండవచ్చు, అది కూడా జరుగుతూ ఉంటుంది.

రేకు వలయంలో గుచ్చిన గోళీలైతే అవి ఏ వైపు తిరిగి ఉండాలన్న సందేహం అందరికీ వస్తుంది. పాత ఫొటో చూడండి. అదీ లేకపోతే వలయాన్ని గిన్నెలో పొడిగా పెట్టి దానిమీద ఎదురు రింగును ఆనించి వేలితో తిప్పండి. సరిగా ఉంటే గోళీలు దొర్లుతూ మెత్తగా తిరుగుతుంది. తిరగేసి ఉంటే రేకు గీసుకుంటున్న గరగర చేతికి తెలుస్తుంది. ఒక ముచ్చట చెప్పాలి. నేను పైన చెప్పిన గుంటల జబ్బు మొదలైనప్పుడు కొందరు మెకానిక్‌లు ఈ వలయం తీసేసి విడిగోళీలు నింపుతారు. సంఖ్య మారుతుంది కాబట్టి గోళీలన్నీ ఒకేసారి గుంటల్లో పడవు, హ్యాండిల్ కొంతకాలం హాయిగా తిరుగుతుంది. అది మందు కాదు, ఉపశమనం. కానీ కొత్త సెట్టు దొరకని ఊళ్ళో మంచి ఉపశమనమే.

సైకిల్‌ను తలకిందులు చేస్తే కింది గిన్నె పైకి చూస్తుంది, గోళీలు రాలవు. అందులో కొత్త ఫోర్కును దించి, చేత్తో ఒత్తి పట్టుకొనే సైకిల్‌ను నిలబెట్టండి. పై గోళీలు నింపి, మరల రింగును వేళ్ళతో తిప్పి దించండి. అది గోళీలను తాకి ఆగినచోట ఆపి, ఒక ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. పన్ను ఉన్న వాషరును, గొట్టంమీద నిలువు గాడి ఉంటే ఆ పన్ను గాడిలో పడేలా దించండి. లాక్ నట్టు తిరిగేటప్పుడు కింది రింగును తనతోపాటు తిప్పకుండా ఈ చిన్న పన్నే అడ్డుకుంటుంది. దాన్ని అక్కర్లేని ముక్కగా భావించి పారేసినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు నేను ఆనాడు తప్పు చేసిన చోటికి వచ్చాం. ఒక పానాతో మరల రింగును కదలకుండా పట్టుకోండి, రెండో పానాతో లాక్ నట్టును బిగించండి. బిగించినప్పుడు లాక్ నట్టు కింది రింగును మరలలో ఉన్న సందుమేరకు ఇంకొంచెం కిందికి నొక్కుతుంది. అంటే బిగించకముందు సరిగ్గా ఉన్న సర్దుబాటు బిగించాక బిగువవుతుంది. అందుకే ముందుగా కాస్త వదులు ఉంచమన్నాను. మొదటిసారే సరిగ్గా రాదు. నాకు ఈనాటికీ మూడుసార్లు విప్పి బిగించనిదే కుదరదు. విసుగు పడకండి.

సరిపోయిందని తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చేయాలి, రెండింటిలోనూ నెగ్గాలి. చక్రమూ హ్యాండిలూ బిగించాక, ముందు బ్రేకు పట్టి, రెండో చేతి వేళ్ళను కింది గిన్నెకూ ఫోర్కుకూ మధ్య సందుమీద ఉంచి, సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. వేళ్ళకు కదలిక తగిలితే వదులు ఉన్నట్లు. బ్రేకు రబ్బర్ల కదలిక కూడా ఇలాగే అనిపిస్తుంది కాబట్టి చక్రాన్ని అడ్డంగా తిప్పి మరోసారి ఊపి చూడండి. ఇక రెండోది నేను ఆనాడు చేయనిది. పైగొట్టం పట్టుకొని ముందు చక్రాన్ని నేల నుంచి ఎత్తండి. సైకిల్‌ను కొంచెం ఎడమకు వంచితే హ్యాండిల్ తనంతట తాను ఎడమకు వాలిపోవాలి, కుడికి వంచితే కుడికి. ఎక్కడా ఆగకూడదు, తడబడకూడదు. బ్రేకు తీగ అడ్డు తగిలి ఆపుతున్నట్లనిపిస్తే దాన్ని తప్పించి చూడండి. వదులూ ఉండకూడదు, పట్టూ ఉండకూడదు. రెండింటికీ మధ్య ఆ చోటు చాలా ఇరుకు, లాక్ నట్టు పావు చుట్టు కూడా ఉండదు. కానీ అది ఉంది. చేతికి ఒకసారి దొరికితే మళ్ళీ మరచిపోరు.

హ్యాండిల్ కాడను దించేటప్పుడు దానిమీద చెక్కి ఉన్న గీత కనిపించకుండా లోపలికి పోవాలి. పిల్లవాడు పొడుగయ్యాడని హ్యాండిల్‌ను ఆ గీతకు పైకి లేపడం మనవాళ్ళకు అలవాటు. అప్పుడు లోపలి పచ్చర గొట్టంలో మరలు కోసిన పలుచని భాగంలో బిగుస్తుంది. విరగడానికి అంతకన్నా అనువైన చోటు లేదు.

పట్నాల్లోని పాఠకులు కొందరు మా సైకిల్‌కు ఈ పెద్ద నట్లేవీ లేవే అనవచ్చు. గేర్లున్న కొత్త సైకిళ్ళలో చాలావాటికి ఫోర్కు గొట్టానికి మరలే ఉండవు. 1990ల తొలినాళ్ళలో రేడర్ అనే అమెరికన్ ఆలోచనను డయా కాంపే సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి నుంచి ఈ పద్ధతి లోకమంతా పాకింది. అందులో హ్యాండిల్ కాడ గొట్టాన్ని బయటి నుంచి పట్టుకుంటుంది. గొట్టంలోపల నక్షత్రం ఆకారపు నట్టు ఒకటి దిగి ఉంటుంది. పై మూత బోల్టును బిగిస్తే అది అన్నిటినీ దగ్గరకు లాగి వదులు తీసేస్తుంది. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒక్కటే. హ్యాండిల్ కాడ పక్క బోల్టులు బిగిసి ఉండగా పై బోల్టును ఎంత తిప్పినా వదులు పోదు, చివరికి నక్షత్రం ఊడి వస్తుంది. ముందు పక్క బోల్టులు వదులు చేయాలి, పై బోల్టుతో వదులు తీయాలి, ఆ తర్వాతే పక్కవాటిని బిగించాలి. హ్యాండిల్‌ను పట్టి ఉంచేవి ఆ పక్క బోల్టులే, పై మూత కాదు. గొట్టం కొస హ్యాండిల్ కాడ పై అంచుకన్నా 3 మి.మీ. లోతున ఉండాలి, సమానంగా ఉంటే మూత నొక్కదు. కొత్త గొట్టాన్ని కోయవలసివస్తే అన్ని భాగాలూ అమర్చి చూసి, గీత గీసి, మరోసారి అమర్చి చూసి అప్పుడు రంపం పట్టండి. పొట్టిగా కోసినదాన్ని పొడుగు చేసేవారు ఎక్కడా లేరు. కార్బన్ గొట్టమైతే నక్షత్రం నట్టు దించనేకూడదు, గొట్టం చిట్లుతుంది. దానికి వేరే రకం బిరడా ఉంటుంది.

సోదరీ, మీ పని పూర్తయ్యాక మొదటి రోజు అబ్బాయిని బడికి పంపకండి. ఇంటిముందు ఖాళీ స్థలంలో మెల్లగా ఎనిమిది అంకె తిప్పమనండి, మీరు పక్కనే నిలబడి చూడండి. హ్యాండిల్ ఎక్కడైనా పట్టినట్లుందా అని అడగండి. వాడు చెప్పేదే నమ్మండి, మీ చేతికి తగలనిది వాడి చేతికి తగులుతుంది. కొత్త రింగులు కొన్ని రోజుల్లో మరికొంచెం దిగి కూర్చుంటాయి కాబట్టి వారం తర్వాత కొంత వదులు రావచ్చు. అప్పుడు మళ్ళీ రెండు పానాలూ తీసి సర్దాలి. ఆ తర్వాత ఏడాదికొకసారి, వానాకాలం వెళ్ళాక, విప్పి గ్రీజు మారిస్తే చాలు.

మీ సంచిలో చివరికి రెండు గోళీలు మిగలాలి, పై వరుస నుంచి ఒకటి, కింది వరుస నుంచి ఒకటి. అంతకన్నా ఎక్కువ మిగిలితే నాకు రాయండి. ఉత్తరం చివర మీరడిగిన వెనక చక్రం ఫ్రీవీల్ చప్పుడు సంగతి వచ్చే నెల చూద్దాం.